వీపు మీద పలకలు, వంశం మీద వాదాలు

గోదావరి లోయలోని కోటా రాళ్ళలో దొరికిన కొన్ని ఎముక బిళ్ళలు ఏ జాతి డైనోసార్‌వి? ఈ ప్రశ్న వెంట వెళితే, డైనోసార్ల గుంపులను శాస్త్రజ్ఞులు ఎలా విడదీస్తారో తెలుస్తుంది.

మంచిర్యాల జిల్లా జైపూర్ వైపు, గోదావరి గట్టున ఉన్న శివ్వారం అభయారణ్యంలో ఎండ కాగే మొసలిని చూసినవారికి ముందు కళ్ళబడేది దాని వీపు. మెడ నుంచి తోక దాకా వరుసలు కట్టిన గట్టి బొడిపెలు. అవి ఉత్త చర్మపు మడతలు కావు. బొడిపె కింద ఒక ఎముక బిళ్ళ ఉంటుంది. అది వెన్నెముకకూ పక్కటెముకకూ అతికి ఉండదు, చర్మంలోనే పుట్టి చర్మంలోనే పెరుగుతుంది. మొసలి చచ్చి చర్మం కుళ్ళిపోయాక ఆ బిళ్ళలు ఎక్కడివక్కడ రాలి ఇసుకలో కలుస్తాయి.

ఇదే సంగతి సుమారు పద్దెనిమిది కోట్ల ఏళ్ళ కింద ఇదే లోయలో జరిగిందనుకుందాం. ఇసుక రాయిగా మారింది. వాగు కోతకు రాయి అరిగి ఒక బిళ్ళ బయటపడింది. చేతిలోకి తీసుకున్నవాడికి వచ్చే మొదటి ప్రశ్న, ఇది ఎవరిది?

మొసలిదే అని తేల్చేయడానికి లేదు. ఆ కాలంలో ఈ లోయలో కవచం తొడుక్కున్న ప్రాణులు చాలా ఉన్నాయి. లెపిడోటెస్ అనే చేపకు మెరుగుపూత పట్టిన దళసరి పొలుసులు ఉండేవి. ఇండోకెలిస్ అనే తాబేలుకు డిప్ప ఉంది. మొసళ్ళ దూరపు చుట్టాలూ ఉన్నాయి. కోటా కంటే కింది పొర అయిన ధర్మారం రాళ్ళలోనైతే వెంకటసూకస్ అనే మరో జీవి బయటపడింది. మొసలి వంశం వైపు నుంచి వచ్చి, మొక్కలు తిని బతికి, వీపంతా ఎముక పలకలు పరుచుకున్న జంతువు అది. దాన్ని 2023లో వర్ణించారు. ఇంతమంది కవచధారుల నడుమ ఒక్క బిళ్ళను పట్టుకుని, ఇది పలకల డైనోసార్‌ది అనడానికి ధైర్యం కావాలి. ఆధారం అంతకన్నా ఎక్కువ కావాలి.

ఊళ్ళ పేర్లు మోస్తున్న రాళ్ళు

ప్రాణహిత–గోదావరి లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన పొడవాటి పల్లం. భూమి పైపొర కుంగిన చోట కోట్ల ఏళ్ళ పాటు నదులు మట్టినీ ఇసుకనూ తెచ్చి నింపాయి. సింగరేణి బొగ్గు ఉన్నదీ ఈ పల్లంలోనే, ఇంకా పాత పొరల్లో. బొగ్గు పొరల పైన వచ్చే రాళ్ళకు భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి ఊళ్ళ పేర్లే పెట్టారు. యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, ఆపైన కోటా. కోటా ఊరు మాత్రం ప్రాణహితకు అవతల, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఉంది. రాళ్ళు నదికి రెండు వైపులా ఉన్నాయి, వాటికి రాష్ట్రాల హద్దులు పట్టవు. ఈ లోయ భూగర్భ చరిత్రను విలియం కింగ్ 1881లోనే గ్రంథంగా అచ్చు వేయించాడు.

కోటా రాళ్ళు లోకానికి మొదట చేపలతో తెలిశాయి. లెపిడోటెస్ డెక్కనెన్సిస్ పేరు 1851 నాటిది. వందేళ్ళ తరువాత పెద్ద ఎముకల వంతు వచ్చింది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1957లో భూగర్భ శాస్త్ర విభాగానికి పునాది వేసింది. లెక్కల సంస్థకు రాక్షసబల్లులతో ఏం పని అని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే ఆశ్చర్యం లేదు. ఆ విభాగం వాళ్ళు తవ్విన పొడవు మెడ శాకాహారికి 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి యామన్‌పల్లి దగ్గరి ఎముకలతో 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్‌ను వర్ణించారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం దానిదే.

ఇవన్నీ పెద్ద జంతువులు, వందల ఎముకలతో దొరికినవి. పలకల డైనోసార్ కథ అలా లేదు.

2002లో ఒక చిన్న వ్యాసం

టి.టి. నాథ్, పి. యాదగిరి, ఎ.కె. మొయిత్రా 2002లో జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. కోటా రాళ్ళలో కవచమున్న డైనోసార్ ఆనవాళ్ళు మొదటిసారి దొరికాయన్నది దాని సారాంశం. పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల నేల మీద చూస్తే ఇది పెద్ద వార్తే. పత్రికల్లో మాత్రం కోటాసారస్‌కు వచ్చినంత పేరు దీనికి రాలేదు. నిలబెట్టి చూపడానికి అస్థిపంజరం లేదు మరి.

కవచమున్న డైనోసార్ అనగానే రెండు బొమ్మలు గుర్తుకొస్తాయి. ఒకటి స్టెగోసార్: చిన్న తల, వంగిన వీపు, వీపు మీద నిటారుగా నిలిచిన పలకలు, తోక చివర ముళ్ళు. రెండోది ఆంకైలోసార్: నేలకు దగ్గరగా బల్లపరుపు ఒళ్ళు, పైన అంతటా బిళ్ళలు, కొన్నిటికి తోక చివర ఎముక గుండు. పిల్లల పుస్తకాల్లో ఈ రెంటినీ విడదీయడం సులువు. రాతిలో విడి బిళ్ళలు దొరికినప్పుడు అది సులువు కాదని మన దేశపు అనుభవమే రెండుసార్లు చెప్పింది.

మొదటిది జబల్‌పూర్‌లో. అక్కడి లామెటా రాళ్ళలో దొరికిన ఎముకలకు చార్లెస్ మాట్లీ 1923లో లామెటాసారస్ అని పేరు పెట్టి, అది కవచమున్న డైనోసార్ అన్నాడు. నడుము ఎముకలు, కాలి ఎముక, చర్మపు బిళ్ళలు, అన్నీ ఒకే జంతువువని నమ్మాడు. తరువాత పరిశీలించినవారు నడుము, కాలు మాంసాహారివనీ, బిళ్ళలు పొడవు మెడ శాకాహారుల్లో టైటానోసార్ అనే రకానివనీ తేల్చారు. మాట్లీని తప్పు పట్టడం ఈ రోజు తేలిక. టైటానోసార్లకూ చర్మంలో ఎముక బిళ్ళలు ఉండేవని గట్టిగా రుజువైంది 1980లో, అర్జెంటీనా సాల్టాసారస్‌తో. అప్పటిదాకా కవచం అనగానే మనసు స్టెగోసార్, ఆంకైలోసార్ల వైపే పోయేది.

రెండోది తమిళనాడులో. తిరుచ్చి ప్రాంతపు సముద్రపు రాళ్ళలో దొరికిన ఎముకలను యాదగిరి, కె. అయ్యాసామి 1979లో ద్రవిడోసారస్ అనే స్టెగోసార్‌గా వర్ణించారు. అది నిజమైతే సంచలనమే, స్టెగోసార్లు మిగతా చోట్ల కనుమరుగైన ఎన్నో కోట్ల ఏళ్ళ తరువాత కూడా మన దగ్గర మిగిలి ఉన్నాయని అర్థం. కానీ శంకర్ ఛటర్జీ ఆ చోటికి వెళ్ళి చూసి, ఆ ఎముకలు ప్లీసియోసార్‌వి అన్నాడు. అంటే తెడ్ల వంటి కాళ్ళతో సముద్రంలో ఈదే సరీసృపం, డైనోసారే కాదు. ఈనాడు చాలామంది శాస్త్రజ్ఞులు స్టెగోసార్ల జాబితాలో ద్రవిడోసారస్ ఎదురుగా ప్రశ్నార్థకం పెడతారు.

ఈ రెండు ఉదాహరణల్లోనూ చూసింది నిపుణులే. చిక్కు కవచంలోనే ఉంది. చర్మంలో ఎముక పెంచడమన్నది వెన్నెముక జంతువులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పదేపదే చేసిన పని. వెంకటసూకస్‌తో సహా మొసలి వంశం వైపువి, టైటానోసార్లు, పలకల డైనోసార్లు, చివరికి పాలిచ్చే జంతువుల్లో ఆర్మడిల్లోలు, అందరిదీ ఎవరి దారి వారిదే. కాబట్టి కవచం ఉంది కనుక ఒకే గుంపు అనే వాదన నిలబడదు.

మరి దేన్నిబట్టి గుంపు కట్టాలి?

కాళేశ్వరం దగ్గర నిలబడి చూస్తే

పాత పద్ధతి రూపాన్ని నమ్ముకుంది. అమెరికాలో ఓత్నీల్ చార్లెస్ మార్ష్ 1877లో స్టెగోసారస్‌కు పేరు పెట్టి, దాని కోసం స్టెగోసారియా అనే గుంపును ఏర్పాటు చేశాడు. పలకలు వీపు మీద బల్లపరుపుగా పరుచుకుని ఉండేవనీ, జంతువు తాబేలు తీరుదనీ ఆయన మొదట అనుకున్నాడు. కవచం కనిపించిన డైనోసార్లను చాలా దశాబ్దాలు ఆ గుంపులోకే తోశారు. ఆంకైలోసార్లకు ఆంకైలోసారియా పేరిట వేరే గుంపును హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బార్న్ 1923లో పెట్టాడు. రెంటినీ కలిపే థైరియోఫోరా అనే పెద్ద పేరు అంతకు ముందే, 1915లో, ఫ్రాంజ్ నోప్చా ఇచ్చాడు. అయితే నోప్చా ఆ గుంపులో కొమ్ముల డైనోసార్లను కూడా కలిపేశాడు. ఇప్పటి థైరియోఫోరాలో వాటికి చోటు లేదు. పేరు పాతది, హద్దు కొత్తది.

ఆ కొత్త హద్దు ఎలా గీస్తారో అర్థం కావాలంటే కాళేశ్వరం దగ్గర నిలబడాలి. అక్కడ ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. సంగమం దగ్గర నుంచి ఎగువకు చూస్తే రెండు నదులు. ఒక వాగు ప్రాణహితకు చెందుతుందా గోదావరికి చెందుతుందా అని అడిగితే ఆ వాగు నీళ్ళ రంగు, వెడల్పు, చేపల రుచి చూడనక్కర లేదు. అది ఎక్కడ కలుస్తుందో చూస్తే చాలు. ఆసిఫాబాద్ పెద్దవాగు ప్రాణహితలో కలుస్తుంది, ప్రాణహిత లెక్క. మానేరు, కడెం కాళేశ్వరానికి ఎగువనే గోదావరిలో కలుస్తాయి, గోదావరి లెక్క. ఎంత బక్క వాగైనా ఈ తీర్పు మారదు.

ఇప్పుడు కాలాన్ని నదికి ఎదురు నడిపించాలి. దిగువన ఉన్నది పూర్వీకులు, ఎగువన ఉన్నది వారసులు. కాళేశ్వరం సంగమం స్టెగోసార్లకూ ఆంకైలోసార్లకూ ఉన్న చిట్టచివరి ఉమ్మడి పూర్వీకుడు. ప్రాణహిత కొసన స్టెగోసారస్, గోదావరి కొసన ఆంకైలోసారస్. ప్రాణహిత వైపు కలిసే ప్రతి వాగూ స్టెగోసారియా, దాని వీపు మీద పలకలు ఉన్నా లేకున్నా. గోదావరి వైపు కలిసేవన్నీ ఆంకైలోసారియా, తోకకు గుండు ఉన్నా లేకున్నా.

కాళేశ్వరం దిగువన మరికొంత దూరం పోతే బస్తర్ నుంచి ఇంద్రావతి వచ్చి కలుస్తుంది. కాళేశ్వరానికీ ఇంద్రావతి సంగమానికీ మధ్య కలిసే వాగులు ఉన్నాయే, వాటి పరిస్థితి చిత్రమైనది. అవి ప్రాణహితవి కావు, కాళేశ్వరం పై గోదావరివీ కావు, అలాగని ఇంద్రావతివీ కావు. అమెరికాలోని అరిజోనాలో దొరికిన స్కుటెల్లోసారస్‌ది సరిగ్గా ఆ చోటు. రెండు కాళ్ళ మీద పరుగెత్తే చిన్న జంతువు, ఒంటి మీద వందలకొద్దీ చిన్న బిళ్ళలు. అది థైరియోఫోరాలో ఉంది కానీ స్టెగోసార్ కాదు, ఆంకైలోసార్ కూడా కాదు. ఇంద్రావతి వైపు ఇగ్వనోడాన్, ట్రైసెరటాప్స్ ఉంటాయి. ఇంకా కిందికి వెళ్ళి కిన్నెరసాని దగ్గర కలిసేవాటికి ఈ కథతో పని లేదు.

నాలుగు పేర్లు, నాలుగు హద్దులు

*ఈ నిర్వచనాలు డానియల్ మాజియా, ఆయన సహచరులు 2021లో ప్రచురించిన జాబితాను అనుసరించినవి. వంశాన్నిబట్టి పేర్లు పెట్టే ‘ఫైలోకోడ్’ నియమావళి 2020లో అమలులోకి వచ్చాక ఆ పద్ధతిలో వీటిని స్థిరపరిచారు.*

*థైరియోఫోరా: ఆంకైలోసారస్, స్టెగోసారస్ రెండూ ఉండి, ఇగ్వనోడాన్, ట్రైసెరటాప్స్ లేని అతి పెద్ద గుంపు. (ఇంద్రావతిని మినహాయించి, దాని సంగమానికి ఎగువనున్నదంతా.)*

*యూరిపోడా: ఆంకైలోసారస్, స్టెగోసారస్ రెండూ ఇమిడే అతి చిన్న గుంపు. (కాళేశ్వరం, దానికి ఎగువనున్న రెండు నదులూ.)*

*స్టెగోసారియా: స్టెగోసారస్ ఉండి ఆంకైలోసారస్ లేని అతి పెద్ద గుంపు. (ప్రాణహిత వైపు అంతా.)*

*ఆంకైలోసారియా: ఆంకైలోసారస్ ఉండి స్టెగోసారస్ లేని అతి పెద్ద గుంపు. (గోదావరి వైపు అంతా.)*

*గమనిస్తే, పలక అన్న మాట, ముల్లు అన్న మాట ఈ నాలుగింటిలో ఎక్కడా లేదు.*

ఈ నిర్వచనాలన్నీ కొన్ని పేరున్న జాతులను హద్దురాళ్ళుగా పాతుకుని నిలబడతాయి. హద్దురాయి కదిలితే అంతా కదులుతుంది. స్టెగోసారస్ విషయంలో ఆ ప్రమాదం నిజంగానే ఉండేది. మార్ష్ మొదట పేరు పెట్టిన స్టెగోసారస్ అర్మేటస్ అరకొర ఎముకల మీద ఆధారపడింది. ఏ జంతువుతోనైనా సరిపోల్చడానికి అందులో సరిపడా వివరం లేదు. పీటర్ గాల్టన్ విన్నపం మీద అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం 2013లో తీర్పు చెప్పి, దాని బదులు స్టెగోసారస్ స్టెనాప్స్‌ను ప్రమాణ జాతిగా నిలబెట్టింది. కొలరాడోలో దొరికిన దాని అస్థిపంజరం దాదాపు పూర్తిగా, ఎముకలు ఉన్నచోటే ఉండగా బయటపడింది. పైన చెప్పిన నిర్వచనాలు ఆనుకున్నది ఆ స్టెనాప్స్‌నే.

సంగమాలు ఎవరు చూశారు?

నిర్వచనం తేలిక. కష్టమంతా, ఏ వాగు ఎక్కడ కలుస్తుందో కనిపెట్టడంలో ఉంది. నదికైతే పటం ఉంది. వంశానికి పటం గీసుకోవాలి, అదీ మిగిలిన ఎముకలతో.

పని ఇలా సాగుతుంది. ముందు ఎముకల్లో గమనించదగిన లక్షణాలను వందలకొద్దీ రాసుకుంటారు. కంటి మీద అదనపు ఎముక ఉందా? పుర్రెలోని కిటికీలు మూసుకుపోయాయా? చర్మపు ఎముకలు పుర్రెకు అతుక్కున్నాయా? నడుము ఎముక పక్కకు పరుచుకుందా? ఒక్కో జంతువుకు ఒక్కో వరుస, ఒక్కో లక్షణానికి ఒక్కో గడి. దొరకని ఎముకకు ప్రశ్నార్థకం. ఆ పట్టికను కంప్యూటర్‌కు ఇస్తే, తక్కువ మార్పులతో ఈ లక్షణాలన్నిటినీ వివరించగల వంశవృక్షాల కోసం అది వెతుకుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పాత పోలికకు విలువ లేదు, కొత్త పోలికకే విలువ. నాలుగు కాళ్ళు ఉండటం స్టెగోసార్‌కూ మొసలికీ ఉమ్మడి, కానీ అది అందరికీ ఎప్పుడో వచ్చిన ఆస్తి. చర్మపు ఎముకలు పుర్రెకు అతుక్కుపోవడం ఆంకైలోసార్ల వైపు కొత్తగా వచ్చిన మార్పు. అలాంటివే కొమ్మను గుర్తు పట్టిస్తాయి. వీపు నడిమి గీతకు అటూ ఇటూ నిలువు పలకల రెండు వరుసలు స్టెగోసార్ల కొత్తదనం.

పట్టిక మారితే పటమూ మారుతుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరాన చార్మౌత్‌లో 1858లో దొరికిన స్కెలిడోసారస్ దీనికి మంచి ఉదాహరణ. దాదాపు నిండు అస్థిపంజరం, రిచర్డ్ ఓవెన్ అప్పుడే వర్ణించాడు. అయినా గట్టి సున్నపురాయిలో ఇరుక్కున్న ఎముకలను ఆమ్లంతో విడిపించి, పూర్తిగా చదివి, డేవిడ్ నార్మన్ వివరమైన వర్ణన ముగించేసరికి 2021 వచ్చింది. చాలాకాలం దాన్ని కాళేశ్వరానికి దిగువన, స్కుటెల్లోసారస్ పక్కన ఉంచారు. నార్మన్ చూపు ప్రకారం అది ఆంకైలోసార్ల వైపు మొదట్లో విడిపోయిన కొమ్మ. నిర్వచనంలో ఒక్క అక్షరం మారలేదు, జంతువు మాత్రం సంగమానికి ఎగువకు వెళ్ళింది. అందరూ ఒప్పుకున్నారని కాదు. ఒప్పుకోనివారితో వాదించడానికి ఇప్పుడు ఒకే గీటురాయి ఉంది, అదే లాభం.

ఆంకైలోసార్ల లోపలి ఇళ్ళూ స్థిరంగా లేవు. చాలా ఏళ్ళుగా వాటిని తోక గుండు ఉన్న ఆంకైలోసారిడే, లేని నోడోసారిడే అని రెండు కుటుంబాలుగా చెప్పేవారు. థామస్ రావెన్, అతని సహచరులు 2023లో పెద్ద పట్టిక వేసి చూస్తే నోడోసారిడే అనే కుటుంబం నిలవలేదు, అందులోని జంతువులు మూడు వేరు వేరు కొమ్మలుగా విడిపోయాయి. దానికి రెండేళ్ళ ముందు చిలీలో స్టెగోరోస్ అనే చిన్న జంతువు వార్తల్లోకి వచ్చింది. పుర్రె ఆంకైలోసార్ తీరు, నడుము, కాళ్ళు స్టెగోసార్ తీరు, తోక చివర ఏడు జతల చదునైన ఎముకలతో ఇంతవరకు ఎవరూ చూడని ఆయుధం. దాన్ని వర్ణించినవారు దక్షిణ ఖండాల ఆంకైలోసార్లు కొన్ని చాలా ముందే వేరుపడిన ఒక ప్రత్యేక శాఖ అని ప్రతిపాదించారు. దక్షిణ ఖండాల సమూహమైన గోండ్వానాలో అప్పట్లో మన నేల కూడా ఉంది. కోటా బిళ్ళల మీద మళ్ళీ చూపు పడటానికి ఇదొక కారణం.

బిళ్ళను కోసి చూస్తే

పుర్రె లేనప్పుడు, నడుము లేనప్పుడు బిళ్ళ ఏం చెప్పగలదు? అనుకున్నదానికంటే ఎక్కువే చెబుతుంది.

ముందు బయటి ఆకారం. మొసలి బిళ్ళ పైభాగమంతా గుంటలు గుంటలుగా ఉంటుంది. తాబేలు డిప్ప పలకల అంచులు ఒకదానిలో ఒకటి దిగే కుట్టులా పళ్ళు తేలి ఉంటాయి. చేప పొలుసుకు మెరుగుపూత. పలకల డైనోసార్ల బిళ్ళలకు పైన వెన్ను లాంటి గీత, కొన్నిటికి అడుగున లోతుగా తొలిచినట్టు పల్లం. స్టెగోసారస్ పలక ఇంకా వేరు, పెద్దది, పలుచనిది, నిటారుగా నిలవడానికి అడుగు మొద్దుబారి ఉంటుంది.

ఆ తరువాత లోపలి అల్లిక. ఎముకను వెలుతురు దూరేంత పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో పెడితే పోగులు కనిపిస్తాయి. ఆంకైలోసార్ల చర్మపు ఎముకల్లో ఈ పోగులు ఒకదానికొకటి అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా పొరలు పొరలుగా అల్లుకుని ఉంటాయి. పలుచని ఎముకకు బలం ఇచ్చేది ఆ అల్లికే. మొరాకోలో స్పికోమెల్లస్ దొరికినప్పుడు ఈ పద్ధతి అక్కరకొచ్చింది. పక్కటెముకకే ముళ్ళు అతుక్కుని ఉన్న ఆ నమూనా ఎంత వింతగా ఉందంటే ఎవరో అతికించి మోసం చేశారేమోనన్న అనుమానం కూడా వచ్చింది. లోపలికి స్కాన్ చేసి, కోసి చూసి, అల్లికను బట్టి ఆంకైలోసార్ అని 2021లో చెప్పారు. 2025లో ఇంకా ఎముకలు బయటపడి, మెడ చుట్టూ పొడవాటి ముళ్ళున్న జంతువు అని తేలింది.

కోటా బిళ్ళల విలువ ఎక్కడుంది

స్పికోమెల్లస్ వయసు సుమారు 16.5 కోట్ల ఏళ్ళు. ప్రపంచంలో అతి పాత ఆంకైలోసార్ అని 2021లో వార్తలు దాని గురించే రాశాయి. అప్పటికి రెండేళ్ళ ముందే, 2019లో, గాల్టన్ కోటా కవచాన్ని మళ్ళీ చదివి ఒక వ్యాసం రాశాడు. దశాబ్దాలుగా స్టెగోసార్ల మీద పని చేసినవాడు ఆయన. కోటా చర్మపు ఎముకలు ఆంకైలోసార్‌వే అనీ, ఆ గుంపుకు దొరికిన అతి పాత ఆనవాలు అదేననీ ఆయన నిర్ధారణ. కింది కోటా పొర తొలి జురాసిక్ కాలానిదైతే ఆ బిళ్ళల వయసు పదిహేడు కోట్ల ఏళ్ళ పైమాటే.

దాని పర్యవసానం ఆంకైలోసార్లతో ఆగదు. మానేరు నీళ్ళు గోదావరిలో కనిపించాయంటే కాళేశ్వరం సంగమం దిగువన ఉన్నట్టే. అంటే కోటా కాలానికే ఆంకైలోసార్ ఉందంటే, ఆంకైలోసార్లూ స్టెగోసార్లూ విడిపోయింది అంతకంటే ముందు. కాబట్టి స్టెగోసార్ల వంశం కూడా ఆ కాలంలో ఎక్కడో బతికి ఉండాలి, దాని ఎముక ఒక్కటి కూడా చేతికి చిక్కకపోయినా. ఒక గుంపు శిలాజం మరో గుంపు వయసును ఇలా వెనక్కి జరుపుతుంది.

ఈ వాదనలో బలహీనత రెండు చోట్ల ఉంది. ఒకటి బిళ్ళల గుర్తింపు. స్కెలిడోసారస్‌కూ వెన్ను తేలిన, అడుగు తొలిచిన బిళ్ళలున్నాయి. కాబట్టి కోటా జంతువు స్కెలిడోసారస్ వంటిది అయితే? నార్మన్ పటాన్ని నమ్మితే అప్పుడు కూడా అది ఆంకైలోసార్ల గట్టునే ఉంటుంది. పాత పటాన్ని నమ్మితే థైరియోఫోరాలో ఉండి, ఆంకైలోసార్ కాకుండా పోతుంది. అదే రాయి, అదే బిళ్ళ, ఇంగ్లండ్‌లోని మరో జంతువు ఎక్కడ కూర్చుంటుందన్న దాన్ని బట్టి మన దానికి పేరు.

రెండోది రాతి వయసు. చేపలు, పెద్ద డైనోసార్లను చూసినవారు కోటాను తొలి జురాసిక్ అంటారు. చిన్న ప్రాణులను చూసినవారికి వేరే అభిప్రాయం ఉంది. రెబ్బెన దగ్గరి పైకాసిగూడెం బంకమట్టిని నీళ్ళలో నానబెట్టి, సన్నటి జల్లెడలో కడిగి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని కింద ఏరితే ఆవగింజంత పళ్ళు, దవడ ముక్కలు దొరికాయి. తొలినాటి పాలిచ్చే జంతువులు, న్యూజిలాండ్ టువటారాకు చుట్టాలైన రెబ్బనాసారస్, గోదావరిసారస్ అలా వెలుగు చూశాయి. పేరు చివర సారస్ ఉన్నా ఈ చివరి రెండూ డైనోసార్లు కావు. ఒక చిన్న క్షీరదానికి పైకాసిగూడోడాన్ యాదగిరియై అని పేరు పెట్టారు, ఊరికీ యాదగిరికీ ఒకేసారి గౌరవం. ఈ సూక్ష్మ శిలాజాల మీద ఎక్కువగా పని చేసిన జి.వి.ఆర్. ప్రసాద్, వరుణ్ పర్మార్ 2020లో కోటా నుంచి పలకల డైనోసార్లు కూడా చేరే ఆర్నితిస్కియా అనే మహా గుంపు దంతాలను ప్రకటించారు. ఆ వ్యాసం శీర్షికలోనే కోటాను మధ్య జురాసిక్ అన్నారు. మధ్య జురాసిక్ అంటే స్పికోమెల్లస్ కాలానికి దగ్గర. అప్పుడు ‘అతి పాత’ అన్న కిరీటం ఎవరిదో చెప్పడం కష్టం.

ఈ మధ్యలో ఒక పేరు గొడవ కూడా నడిచింది. కోటా కవచానికి 2014లో ఇంటర్నెట్‌లో సొంతంగా పెట్టుకున్న ఒక పత్రంలో ‘ఆంధ్రాసారస్’ అని నామకరణం జరిగింది. కొత్త జాతికి పేరు పెట్టాలంటే నియమాల ప్రకారం ప్రచురణ జరగాలి, ఏ ఎముక ఆ పేరుకు ప్రమాణమో చెప్పాలి, మిగతావాటికీ దానికీ తేడా చూపాలి. ఆ లాంఛనాలు లేని పేరు కనుక శాస్త్రజ్ఞులు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కాబట్టి కోటా కవచధారికి ఇప్పటికీ గుంపు పేరే తప్ప సొంత పేరు లేదు.

సొంత పేరు రావాలంటే కావలసినవి ఏమిటో మాత్రం స్పష్టమే. చర్మపు ఎముకలు అతుక్కున్న పుర్రె ముక్క ఒకటి దొరికితే ఆంకైలోసార్ వాదం బలపడుతుంది. బిళ్ళతో పాటు నడుము ఎముక ఒకే చోట ఉంటే స్కెలిడోసారస్‌తో పోల్చడం కుదురుతుంది. ఉన్న బిళ్ళల్లో ఒకదాన్ని పలుచగా కోసి పోగుల అల్లిక చూడటానికైతే కొత్త తవ్వకం కూడా అక్కర లేదు. ఇక వయసు మాటకొస్తే, కోటా పొరల మధ్య అగ్నిపర్వత బూడిద ఎక్కడైనా చిక్కితే, దానిలోని జిర్కాన్ రవ్వల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి కోట్ల ఏళ్ళను లెక్క కట్టవచ్చు. అది తేలిన రోజున ప్రాణహిత ఒడ్డు బిళ్ళలు, మొరాకో ముళ్ళు, వీటిలో ఏవి పాతవో చేపల వాళ్ళూ క్షీరదాల వాళ్ళూ ఒకే సంఖ్య దగ్గర మాట్లాడుకుంటారు.